రైజ్ ఆఫ్ కింగ్‌డమ్స్‌లో కొత్తవాళ్లు ఏ కమాండర్‌ను ముందు పెంచాలి? గోల్డ్ స్కల్ప్చర్లు ఎవరికి వేయాలి?

ఫోన్‌లో ఆడే యుద్ధం ఆట రైజ్ ఆఫ్ కింగ్‌డమ్స్ గురించి ప్రొద్దుటూరు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న, కుదించి చెప్తే ఇదీ: "అన్నా, రైజ్ ఆఫ్ కింగ్‌డమ్స్ మొదలుపెట్టి నెల దాటింది. చైనా తీసుకున్నా. సిటీ హాల్ 12. కమాండర్లు పదిహేను మంది దాకా ఉన్నారు, అందరినీ 12 నుంచి 20 లెవెల్ మధ్యకు తెచ్చా. అయినా నాకంటే చిన్న సిటీ వాళ్లు కూడా బయట నన్ను కొట్టి పోతున్నారు. గోల్డ్ స్కల్ప్చర్లు 23 ఉన్నాయి, ఎవరికి వేయాలి? క్లాష్ ఆఫ్ క్లాన్స్ ఆడే ఫ్రెండ్ హీరోలందరినీ సమంగా పెంచాలంటున్నాడు. లేదంటే ఇదంతా వదిలేసి ఇంకో అకౌంట్ మొదలుపెట్టనా?"

ముందు సూటిగా జవాబు. ఇప్పటికి ముగ్గురిని మాత్రమే పట్టుకో. బయట కొట్లాటకు సన్ జూ, బార్బేరియన్లను (మ్యాప్ మీద గేమే పెట్టే శత్రువులను) కొట్టడానికి లోహర్ (అతను లేకపోతే బుడికా), వనరులు తవ్వి తేవడానికి జోన్ ఆఫ్ ఆర్క్. మిగతావాళ్లను ఉన్నచోటే ఉండనీ, వాళ్ల మీద ఇక ఒక్క ఎక్స్‌పీ (లెవెల్ పెంచే అనుభవం పాయింట్లు) పుస్తకం కూడా వాడొద్దు. ఆ 23 గోల్డ్ స్కల్ప్చర్లు (లెజెండరీ కమాండర్ల స్కిల్స్ పెంచేవి) ఇప్పుడు ఎవరికీ వేయొద్దు. ఇంకో అకౌంట్ అక్కర్లేదు. ఎందుకో ఒక్కొక్కటిగా చెప్తాను.

నువ్వు ఓడిపోతున్నది కమాండర్లు చెడ్డవాళ్లు కావడం వల్ల కాదు. కమాండర్ లెవెల్ పెరిగితే రెండు పెరుగుతాయి: ఆ మార్చ్‌లో (సిటీ నుంచి బయటికి పంపే దళంలో) తీసుకెళ్లగలిగే సైనికుల సంఖ్య, టాలెంట్ పాయింట్లు. 17వ లెవెల్ కమాండర్లు పదిమంది ఉన్నా మైదానంలోకి దిగేది ఒక్కో మార్చ్‌కు ముందొకరు, వెనకొకరు, ఒక జంటే. ఎదుటివాడు అదే ఎక్స్‌పీని ఒక్కడి మీద పెట్టి 33కో 35కో తెచ్చుకుంటే, వాడి సిటీ చిన్నదైనా మార్చ్ పెద్దది, టాలెంట్ చెట్టులో వాడు సగం పైకి ఎక్కేసి ఉంటాడు. బోరులో నీళ్లు ఒక ఎకరాకే చాలేటప్పుడు ఐదెకరాలకు మళ్లిస్తే ఏ మడీ తడవదు. అనంతపురం పక్క రైతుకు ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు.

నమ్మకం లేకపోతే, ఈసారి ఓడిపోయాక మెయిల్‌లో వచ్చిన యుద్ధం రిపోర్ట్ తెరిచి చూడు. చాలామంది గెలుపా ఓటమా చూసి మూసేస్తారు. చూడాల్సినవి మూడు: ఎదుటి కమాండర్ లెవెల్, స్టార్లు, వాడు తెచ్చిన సైన్యం ఏ రకం, ఏ టియర్ (స్థాయి), రెండు పక్కలా సైనికులు ఎంతమంది. ఇన్‌ఫాంట్రీ (కాలిబలం) మీదికి ఆర్చర్లు వస్తే ఇన్‌ఫాంట్రీకి దెబ్బ, కావల్రీ (గుర్రపు దళం) మీదికి ఇన్‌ఫాంట్రీ వస్తే కావల్రీకి దెబ్బ, ఆర్చర్ల మీదికి కావల్రీ వస్తే ఆర్చర్లకు దెబ్బ. ఈ చక్రంలో నువ్వు తప్పు పక్కన ఉంటే సరిసమానమైన కమాండర్ కూడా నిన్ను గట్టెక్కించలేడు. నీ సైన్యం టియర్ 2, వాడిది టియర్ 3 అయితే కమాండర్‌ను నిందించి లాభం లేదు, అకాడమీలో రీసెర్చ్ చూసుకోవాలి.

ఇక మనుషుల్ని ఎంచుకోవడం. కొత్తవాళ్లు రంగు చూసి ఎంచుకుంటారు. గ్రీన్ అడ్వాన్స్‌డ్, బ్లూ ఎలైట్, పర్పుల్ ఎపిక్, గోల్డ్ లెజెండరీ. గోల్డ్ అయితే గొప్పని ఒక లెజెండరీ దొరకగానే అన్నీ అతనికే పోసేస్తారు. స్కిల్స్ పెరగని లెజెండరీ కంటే స్కిల్స్ నిండిన ఎపిక్ ఎన్నో రెట్లు మేలు. అందుకే రంగు కంటే ముందు పని చూడాలి. ప్రతి కమాండర్‌కూ మూడు టాలెంట్ చెట్లు ఉంటాయి, అతను దేనికి పనికొస్తాడో ఆ మూడు పేర్లే చెప్తాయి. పీస్‌కీపింగ్ ఉంటే బార్బేరియన్లకు, గాదరింగ్ ఉంటే తవ్వకానికి, గారిసన్ ఉంటే కోట కాపలాకు, స్కిల్, ఇన్‌ఫాంట్రీ లాంటివి ఉంటే బయట యుద్ధానికి. వివరం మొత్తం చదవకపోయినా ఈ మూడు పేర్లు చూడకుండా ఎవరి మీదా ఖర్చు పెట్టొద్దు.

సన్ జూ చెట్లు ఇన్‌ఫాంట్రీ, గారిసన్, స్కిల్. అంటే బయట యుద్ధానికీ, కోట కాపలాకూ ఒక్కడే సరిపోతాడు. చైనా తీసుకున్నావు కాబట్టి మొదట్లోనే చేతికొచ్చాడు, అది నీ అదృష్టం. అతని యాక్టివ్ స్కిల్ ఎదురుగా విసనకర్ర ఆకారంలో ఉన్న 5 టార్గెట్ల దాకా ఒకేసారి తగులుతుంది. కాబట్టి ఒంటరిగా ఒకడి మీదికి వెళ్లినప్పుడు అతని సత్తా సగమే కనిపిస్తుంది. అలయన్స్ వాళ్లంతా ఒక పాస్ (కనుమ దారి) దగ్గర గుమిగూడి కొట్టుకునే చోట అతన్ని దింపి చూడు, తేడా నీకే తెలుస్తుంది. డబ్బు పెట్టనివాళ్లు కూడా పూర్తిగా నింపుకోగల కమాండర్ అతను, లెజెండరీలు వచ్చాక కూడా చాలాకాలం పక్కన పెట్టక్కర్లేదు.

లోహర్, బుడికా, బెలిసారియస్‌లకు పీస్‌కీపింగ్ ఉంది. లోహర్ స్కల్ప్చర్లు అతని పేరుతో వచ్చే ఈవెంట్‌లో ఊరికే దొరుకుతాయి. బార్బేరియన్లను కొడితే ఎముకల హారాలు పడతాయి, వాటిని వాడితే స్కల్ప్చర్లు వస్తాయి. ఆ ఈవెంట్ రోజుల్లో యాక్షన్ పాయింట్లు (బార్బేరియన్లను కొట్టడానికి ఖర్చయ్యేవి) వేరే దేనికీ వాడొద్దు.

జోన్ ఆఫ్ ఆర్క్ చెట్లు ఇంటిగ్రేషన్, గాదరింగ్, సపోర్ట్. ఇక్కడొక జాగ్రత్త. జోన్ ఆఫ్ ఆర్క్ ప్రైమ్ అని ఇంకొకామె ఉంది, ఆమె లెజెండరీ, ఆమె సంగతి వేరు. నేను చెప్పేది పర్పుల్ జోన్ గురించి. సిటీ హాల్ పెరిగేకొద్దీ మార్చ్‌లు పెరిగి చివరకు 5 అవుతాయి, అప్పటికి తవ్వేవాళ్లు ఐదుగురు కావాలి. ఈ ఒక్క పనికి మాత్రం తక్కువ రంగువాళ్లు కూడా చక్కగా పనికొస్తారు: కాన్‌స్టాన్స్, సార్కా, గైయస్ మారియస్. వాళ్ల స్కల్ప్చర్లు మూలన పడి మూలుగుతుంటాయి, ఇంకెక్కడా పనికిరావు, ధైర్యంగా వేసెయ్. అయితే ఎక్స్‌పీ పుస్తకాలు మాత్రం వాళ్లకు ఇవ్వొద్దు.

స్టార్లు, స్కిల్స్. నా ఉద్దేశంలో ఈ గేమ్‌లో కొత్తవాళ్లు ఎక్కువ పోగొట్టుకునేది ఇక్కడే, అందుకే కొంచెం వివరంగా చెప్తాను. పేర్లు దగ్గరగా ఉండడంతో రెండు వేర్వేరు వస్తువుల్ని ఒకటే అనుకుంటారు. స్టార్‌లైట్ స్కల్ప్చర్లు స్టార్ పెంచడానికి. కమాండర్ స్కల్ప్చర్లు (వాళ్ల సొంతవి కానీ, ఎవరికైనా పనికొచ్చే యూనివర్సల్‌వి కానీ) స్కిల్ పెంచడానికి. స్టార్ లెవెల్ గేటు తెరుస్తుంది: 1 స్టార్‌కు 10వ లెవెల్ దాకా, 2 స్టార్లకు 20, 3 స్టార్లకు 30, అలా 6 స్టార్లకు 60. దాంతోపాటు స్టార్ పెరిగినప్పుడు కొత్త స్కిల్ తెరుచుకుంటుంది: 2 స్టార్లకు రెండోది, 3కు మూడోది, 4కు నాలుగోది.

కిటుకంతా దీన్లోనే ఉంది. స్కల్ప్చర్లు వేసి స్కిల్ పెంచేటప్పుడు ఏ స్కిల్ పెరగాలో నువ్వు ఎంచుకోలేవు. తెరిచి ఉన్నవాటిలో, ఇంకా నిండనివాటిలో ఏదో ఒకటి పెరుగుతుంది. ఒక్కో స్కిల్ 5 దాకా వెళ్తుంది. ఇప్పుడు లెక్క చూడు. ఒక కమాండర్‌కు నాలుగు స్కిల్సూ తెరిచి ఉన్నాయి, నీకు కావలసింది మొదటి స్కిల్ 5కు చేరడం. నాలుగింటికీ సమాన అవకాశం అనుకుంటే, వరుసగా నాలుగుసార్లూ మొదటి స్కిల్లే పెరిగే అవకాశం 256లో 1. అదే కమాండర్‌ను 1 స్టార్ దగ్గరే ఆపి ఉంటే తెరిచి ఉన్నది ఒకటే స్కిల్, నాలుగుసార్లూ అదే పెరుగుతుంది, ఒక్క స్కల్ప్చర్ కూడా పక్కకు పోదు. ఆ తరువాత 2 స్టార్లు చేస్తే మొదటిది నిండిపోయింది కాబట్టి రెండోదే పెరుగుతుంది. దీన్నే ఆటగాళ్లు 5-1-1-1, 5-5-1-1 అని రాసుకుంటారు. ఎవరైనా "ఇతను 5-5-1-1 దగ్గర ఆపితే చాలు" అన్నారంటే మొదటి రెండు స్కిల్స్ నింపి, మిగతావి ఒకటి దగ్గరే వదిలేసి స్టార్లు పెంచుకోమని అర్థం.

దీనికి మూల్యం కూడా ఉంది. 1 స్టార్ దగ్గర ఆపితే కమాండర్ 10వ లెవెల్ దాటడు, అన్నాళ్లూ యుద్ధానికి పనికిరాడు. పైగా కమాండర్ 3 స్టార్లకు చేరేదాకా పక్కన రెండో కమాండర్‌ను పెట్టుకోలేడు. అందుకే ఈ ఆపే పద్ధతి లెజెండరీలకు తప్పనిసరి, ఎపిక్‌లకు అంత పట్టింపు లేదు. ఎపిక్ స్కల్ప్చర్లు టావర్న్‌లోనూ (కీలతో పెట్టెలు తెరిచే చోటు) ఈవెంట్లలోనూ ధారాళంగా వస్తాయి, సన్ జూకు ఎలాగూ నాలుగు స్కిల్సూ 5కు చేరతాయి, వరుస అటూ ఇటూ అయినా పోయేదేం లేదు. నీ సన్ జూ 20 దగ్గర ఆగిపోయాడంటే వెంటనే 3 స్టార్లు చెయ్. లోహర్‌ను కూడా అంతే. ఇద్దర్నీ 3 స్టార్లకు తెచ్చాక ఎక్స్‌పీ సంపాదన ఎంత తేలికవుతుందో కింద చెప్తాను.

నాలుగు స్కిల్సూ 5-5-5-5 అయితే ఎక్స్‌పర్టీస్ అని అయిదోది వస్తుంది. సన్ జూకు అది నీ మొదటి పెద్ద లక్ష్యం. పర్పుల్ యూనివర్సల్ స్కల్ప్చర్లన్నీ అతనికే. మధ్యలో బైబార్స్ బాగున్నాడనో ఉల్జీ ముండోక్ బాగున్నాడనో చేయి మళ్లించకు, వాళ్ల వంతు తరువాత వస్తుంది.

ఇప్పుడు నీ 23 గోల్డ్ స్కల్ప్చర్లు. ఒక లెజెండరీ కమాండర్‌ను 5-5-5-5 చేయాలంటే 690 స్కల్ప్చర్లు కావాలి. వీఐపీ (పాయింట్లతో పెరిగే హోదా) 10కు చేరినవాళ్లకు రోజుకు ఒక గోల్డ్ స్కల్ప్చర్ వస్తుంది. దాని ఒక్కదాని మీదే ఆధారపడితే 690 రోజులు, అంటే రెండేళ్లకు కాస్త తక్కువ. ఈవెంట్లలో ఇంకొన్ని వస్తాయి కాబట్టి అంతకాలం పట్టదు, కానీ ఎంత అరుదైన సరుకో ఈ లెక్కతో తెలుస్తుంది. ముగ్గురు లెజెండరీలకు ఏడెనిమిది చొప్పున పంచితే ముగ్గురూ ఎందుకూ కొరగారు.

మరి ఎవరి కోసం దాచాలి? ముందు ఎవరికి వేయకూడదో చూద్దాం. ఎక్స్‌పెడిషన్ (ఒక్కో మెట్టూ గెలుస్తూ పోయే ఆట భాగం) అంగట్లో మెడల్స్‌తో ఈథెల్‌ఫ్లెడ్ సొంత స్కల్ప్చర్లు కొనుక్కోవచ్చు. ఎక్స్‌పెడిషన్‌లో ఒక్కో మెట్టూ దాటుకుంటూ పోతే రోజూ మెడల్స్ వస్తుంటాయి, వాటిని ఆమెకే వాడు. లీడర్‌షిప్, పీస్‌కీపింగ్, సపోర్ట్ ఆమె చెట్లు. బార్బేరియన్లకు పనికొస్తుంది, యుద్ధంలో ఎదుటివాళ్ల బలం తగ్గించడానికీ పనికొస్తుంది, మూడు రకాల సైన్యం కలిపి పంపినా ఒప్పుకుంటుంది. కొత్తవాడికి ఊరికే దొరికే లెజెండరీల్లో ఇంతకంటే మంచి మనిషి లేదు. కానీ ఆమెకు సొంత స్కల్ప్చర్లు దొరుకుతున్నప్పుడు యూనివర్సల్‌వి వేయడం చేజేతులా తగలేసుకోవడమే. యూనివర్సల్‌వి ఎప్పుడూ సొంతవి అరుదుగా దొరికేవాళ్ల కోసమే ఉంచాలి.

డబ్బు పెట్టకుండా ఆడేవాడివైతే యి సోంగ్ గే లాంటి లెజెండరీ కోసం ఎదురుచూడు. ఆర్చర్, గారిసన్, స్కిల్ చెట్లు. మొదటి స్కిల్ ఒక్కటి 5 అయినా (5-1-1-1) చాలామందికి ఒకేసారి తగిలే దెబ్బతో ఉపయోగపడతాడు, అంటే తక్కువ స్కల్ప్చర్లతో పని మొదలవుతుంది. ఇంకొకరెవరైనా ఎంచుకోవాలంటే వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: 5-1-1-1 దగ్గరో 5-5-1-1 దగ్గరో ఆపినా ఇతను పనికొస్తాడా? నాలుగూ నిండితే తప్ప ప్రయోజనం లేనివాడు ఎంత గొప్పవాడైనా కొత్తవాడికి కాదు. వీల్ ఆఫ్ ఫార్చూన్ ఈవెంట్‌లో ఏదో కమాండర్ వచ్చాడని జెమ్స్ (గేమ్‌లోని డబ్బు) తోసేయడం కూడా ఈ ప్రశ్న వేసుకున్నాకే.

ఎక్స్‌పీ ఎలా సంపాదించాలి. యాక్షన్ పాయింట్లు 1000 దాకా నిండి ఆగిపోతాయి. బార్బేరియన్‌ను ఒకసారి కొట్టడానికి 50 పోతాయి. నిండిపోయి ఉన్నాయంటే ఆ తరువాత వచ్చేవి వృథానే, కాబట్టి పడుకోబోయే ముందు ఒకసారి ఖాళీ చెయ్యి. ఒక బార్బేరియన్‌ను కొట్టాక సైన్యాన్ని సిటీకి వెనక్కి పిలవకు. అక్కడే ఆగి ఉన్న మార్చ్‌ను పక్క బార్బేరియన్ మీదికి పంపు. వెనక్కి రాకుండా వరుసగా కొడుతుంటే ఖర్చు కూడా కాస్త తగ్గుతుంది, దారిలో పోయే టైమూ మిగులుతుంది. గాయపడ్డవాళ్లు ఎక్కువైనప్పుడు వెనక్కి తెచ్చుకో. హాస్పిటల్‌లో చోటు చూసుకో, నిండిపోతే పైన వచ్చినవాళ్లు చచ్చిపోతారు.

లోహర్ 3 స్టార్లు అయ్యాక అతన్ని ముందు పెట్టి, వెనక జోన్‌ను పెట్టి బార్బేరియన్ల మీదికి పంపు. ఎక్స్‌పీ ఇద్దరికీ వస్తుంది. తవ్వకానికి పంపితే ఆమె లెవెల్ పెరగదు. వారం ఇలా తిప్పి, ఆ తరువాత వెనక సన్ జూను పెట్టు. ఒక్క విషయం గుర్తుంచుకో: టాలెంట్లు ముందున్న కమాండర్‌వే లెక్కలోకి వస్తాయి, స్కిల్స్ మాత్రం ఇద్దరివీ పనిచేస్తాయి. పీస్‌కీపింగ్ టాలెంట్లు ఉన్న లోహర్ వెనక ఉండి సన్ జూ ముందుంటే ఆ టాలెంట్లు సున్నా. చాలామంది జంటలు మంచివే పెట్టుకుని ముందువెనకలు తారుమారు చేసి, బార్బేరియన్ లెవెల్ దాటలేకపోతున్నామని బాధపడతారు.

ఎక్స్‌పీ పుస్తకాలు (టోమ్ ఆఫ్ నాలెడ్జ్) ఊరికే వస్తుంటాయని రోజూ వాడేయకు. సన్ జూను 3 స్టార్లు చేసిన రోజున ఒక్కసారిగా పోసి 20 నుంచి పైకి తెచ్చుకో. బార్బేరియన్లతో ఎలాగూ పెరిగే లోహర్‌కు అసలు వాడొద్దు. గేట్ దగ్గర ఆగిపోయిన కమాండర్‌ను బార్బేరియన్ల మీదికి తిప్పడమూ దండగే, వచ్చే ఎక్స్‌పీ అతన్ని ముందుకు కదపదు.

టాలెంట్ల సంగతి. పాయింట్లు మూడు చెట్లకూ చల్లొద్దు. సన్ జూకు ముందు స్కిల్ చెట్టు ఎక్కి, రెజువనేట్ అనే టాలెంట్ దాకా వెళ్లు. యాక్టివ్ స్కిల్ పేలడానికి 1000 రేజ్ (కొట్లాటలో పోగయ్యే ఆవేశం) నిండాలి. రెజువనేట్ పూర్తిగా పెంచితే స్కిల్ వాడిన ప్రతిసారీ 60 రేజ్ తిరిగి వస్తుంది, తరువాతి దెబ్బ అంత త్వరగా పడుతుంది. మిగిలిన పాయింట్లు ఇన్‌ఫాంట్రీ చెట్టుకు. ఇన్‌ఫాంట్రీ టాలెంట్లు పెట్టుకున్నాక ఆ మార్చ్‌లో ఇన్‌ఫాంట్రీనే పంపాలి. కొత్తవాళ్లు సైన్యాన్ని నింపే బటన్ నొక్కేసి ఆర్చర్లు, కావల్రీ, ఆఖరికి రాళ్లు విసిరే యంత్రాలు కూడా కలిపి పంపేస్తారు, అప్పుడు సగం టాలెంట్లు గాలికి పోతాయి. నువ్వూ ఓడిపోయిన రిపోర్టుల్లో నీ సైన్యం వరుస ఒకసారి చూసుకో, ఇదే కారణం ఉండొచ్చు. జోన్‌కు గాదరింగ్ చెట్టు తప్ప వేరే ఆలోచనే వద్దు. లోహర్‌కు పీస్‌కీపింగ్. తప్పు పెట్టుకున్నా రీసెట్ చేసుకోవచ్చు, కానీ దానికి ఖర్చవుతుంది కాబట్టి ముందే చూసుకుని పెట్టుకో.

జెమ్స్ గురించి క్లుప్తంగా. స్పీడప్‌లకూ, వనరులకూ, టావర్న్ కీలకూ జెమ్స్ ఖర్చు పెట్టొద్దు. వీఐపీ పాయింట్లకు పెట్టు. వీఐపీ 6కు చేరితే రెండో బిల్డర్ శాశ్వతంగా వస్తాడు, 10కి వెళ్తే పైన చెప్పిన రోజువారీ గోల్డ్ స్కల్ప్చర్. గేమ్‌లో రోజు మారేది యూటీసీ అర్ధరాత్రికి, అంటే మన పొద్దున 5:30కి. ఆ టైమ్ తరువాత ఒకసారి తెరిచి వీఐపీ పెట్టె, ఉచిత టావర్న్ పెట్టెలు, ఎక్స్‌పెడిషన్ మెడల్స్ తీసేసుకుంటే చాలు, రోజంతా ఫోన్‌కు అతుక్కుపోనక్కర్లేదు. కాలేజీకి పోయే లోపు ఐదు నిమిషాల పని. ఇంకో మాట, ఏప్రిల్, మే నెలల్లో మన సీమ ఎండలకు ఫోన్ కాలిపోయి పెద్ద యుద్ధాల్లో ఆట తడబడుతుంది. సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ తగ్గించుకుని, ఛార్జర్ పీకి ఆడు.

డబ్బు పెట్టాలా? చదువుకునేవాడివి, పెట్టకపోయినా బాగానే ఆడొచ్చు. చురుకైన అలయన్స్‌లో ఉంటే అందులో డబ్బు పెట్టేవాళ్లు కొన్నప్పుడల్లా మిగతావాళ్లకు కూడా గిఫ్ట్ పెట్టెలు వస్తాయి. ఒక్కసారి ఏదైనా కొనాలనిపిస్తే సిటీ హాల్ పెరిగేకొద్దీ జెమ్స్ ఇచ్చే గ్రోత్ ఫండ్ తప్ప, కళ్లముందు టైమర్ పెట్టి ఊరించే కమాండర్ ప్యాకెట్ల జోలికి పోవద్దు. ఆ ప్యాకెట్‌తో కమాండర్ వస్తాడు గానీ స్కిల్స్ నిండవు, మళ్లీ 690 లెక్కే ఎదురవుతుంది. నాన్న ఫోన్‌లోనో అమ్మ ఫోన్‌లోనో ఆడుతుంటే ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టెయ్. ఊరికే జెమ్స్ ఇస్తామనే లింకులు అన్నీ అకౌంట్ కాజేసేవే, ఒక్కటి కూడా నిజం కాదు.

మీ ఫ్రెండ్ చెప్పిందాంట్లోనూ తప్పు లేదు, కాకపోతే అది వేరే ఆట. క్లాష్ ఆఫ్ క్లాన్స్‌లో హీరోలు ఒకే దాడిలో కలిసి దిగుతారు, బార్బేరియన్ కింగ్, ఆర్చర్ క్వీన్ పక్కపక్కనే పోరాడతారు. అందుకే అక్కడ ఎవర్నీ వెనక వదలకూడదు, డార్క్ ఎలిక్సిర్ నిండినప్పుడల్లా ఎవరో ఒకరు పెరుగుతుండాలి. పంచకూడనిది అక్కడ కూడా ఒకటుంది, అది ఎక్విప్‌మెంట్. టౌన్ హాల్ 8లో బ్లాక్‌స్మిత్ వస్తుంది, ఒక్కో హీరో రెండేసి వస్తువులు పెట్టుకుంటాడు. మామూలువి 18 లెవెళ్ల దాకా, ఎపిక్‌వి 27 దాకా వెళ్తాయి. వాటిని పెంచడానికి కావలసిన ఓర్లు (ఖనిజాలు), ముఖ్యంగా స్టారీ ఓర్, చాలా నెమ్మదిగా వస్తాయి. ముందు క్వీన్‌కు తను నిజంగా వాడే రెండు వస్తువులు ఎంచుకుని వాటినే పెంచమని మీ ఫ్రెండ్‌కు చెప్పు. కొత్త ఎపిక్ వచ్చిన ప్రతిసారీ కాస్త కాస్త ఓర్ దానికీ వేసేవాళ్లకు ఏదీ పై లెవెల్‌కు చేరదు.

చివరగా రెండో అకౌంట్. వద్దు. నువ్వు పంచేసింది ఎక్స్‌పీ మాత్రమే, అది బార్బేరియన్లతో మళ్లీ వస్తుంది. పంచితే తిరిగిరానివి గోల్డ్ స్కల్ప్చర్లు, అవి 23కు 23 నీ దగ్గరే ఉన్నాయి. కొత్త అకౌంట్ తెరిస్తే నెల రోజుల సిటీ హాల్ పని పోతుంది, వీఐపీ పాయింట్లు పోతాయి, అలయన్స్‌లో తెలిసినవాళ్లు పోతారు. ఒక్క సందర్భంలో మాత్రం మారడం మేలు: నీ అలయన్స్‌లో సగం మంది లాగిన్ కావడం మానేసి ఉంటే. అప్పుడు కూడా అకౌంట్ మార్చడం కాదు, అదే కింగ్‌డమ్‌లో పై వరుసలో ఉన్న అలయన్స్‌కు అప్లికేషన్ పెట్టు. చాలా అలయన్స్‌లు సిటీ హాల్ ఎంత, పవర్ ఎంత అని చూస్తాయి. 12తో తీసుకోకపోతే 16 చేసుకుని మళ్లీ అడుగు, ఆ లోపు సన్ జూ 30 దాటి ఉంటాడు.